సంతకం దాకా

నారాయణగూడ ఫ్లైఓవర్ దిగి రెండు సందులు దాటితే ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ ఉంది. ప్రిన్సిపాల్ గది ఎక్కడుందో అక్కడి పిల్లల్లో సగం మందికి తెలియదు. మెట్ల కింద స్కాలర్‌షిప్ సెక్షన్ కిటికీ తెలియని వాళ్లు మాత్రం లేరు. ఆ కిటికీ వెనక కూర్చునే మనిషి వీణ. పిల్లలకు వీణక్క. కోపం ఆవిడకు ముక్కు మీదే ఉంటుంది. అయినా ఆవిడ సెలవు పెట్టిన రోజు కిటికీ దగ్గర నిలబడి బిక్కమొహాలు వేసే పిల్లల్ని చూస్తే, ఆ కోపాన్ని వాళ్లు ఎంత ఇష్టంగా భరిస్తున్నారో అర్థమవుతుంది.

సర్కారు చదువుకునే పిల్లలకు ఫీజు కడుతుంది, నిజమే. అలాగని ఇంటికొచ్చి చేతిలో పెట్టి పోదు. కన్వీనర్ కోటాలో సీటు వచ్చి ఉండాలి. కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఆధార్‌లో పేరు, పదో తరగతి మెమోలో పేరు ఒక్క తీరుగా ఉండాలి. బ్యాంకు ఖాతా విద్యార్థి పేరు మీద ఉండి, దానికి ఆధార్ కలిపి ఉండాలి. ఆ పైన మీసేవకు పోయి వేలిముద్ర వేయాలి. క్లాసులకు నూటికి డెబ్బై ఐదు వంతులు హాజరు కావాలి. అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉంటూ డిగ్రీ ఒక పక్క, సర్కారు కొలువుల పరీక్షలు ఒక పక్క చదివే పిల్లలు ఈ చివరి దాని దగ్గరే బోల్తా పడతారు.

"గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్న అక్కా, క్లాసుకు రాలేకపోయిన" అని ఒకడు నసుగుతాడు.

"కలెక్టర్ అయినంక నీకు నువ్వే శాంక్షన్ చేసుకో. గప్పటిదాక క్లాసుకు రా" అంటుంది వీణ. తిట్టి ఊరుకోదు. మర్నాడు పొద్దున వాడి హాస్టల్ వార్డెన్‌కు ఫోన్ చేసి, లేచాడా లేదా అని కనుక్కుంటుంది.

ఆవిడా ఆ దారిలో వచ్చిన మనిషే. భువనగిరి అవతలి పల్లెటూరు. తండ్రి పీరయ్యది సైకిల్ రిపేరు షాపు. సర్కారు స్కాలర్‌షిప్‌తో డిగ్రీ చదివి, గ్రూప్స్ రాద్దామని అశోక్‌నగర్‌కు వచ్చి, ముగ్గురు పట్టే గదిలో ఐదో మనిషిగా చేరింది. పొద్దున్నే చిక్కడపల్లి లైబ్రరీకి పోయి కుర్చీ పట్టుకోవడం, మధ్యాహ్నం మెస్సు, మళ్లీ లైబ్రరీ. నోటిఫికేషన్లు వచ్చాయి, పోయాయి. ఉద్యోగం మాత్రం ప్రతిసారీ చేతి దాకా వచ్చి జారిపోయింది. రిజల్టు వచ్చేదాకా గది కిరాయికి పనికొస్తుందని ఈ కాలేజీలో టెంపరరీగా చేరింది. ఆ రిజల్టు రానే వచ్చింది, అందులో ఆవిడ నంబరు లేదు. ఆ టెంపరరీ మాత్రం ఇప్పటికీ నడుస్తోంది.

ఒక్క విషయంలో మాత్రం వీణ తన ఊరికి నిజం బాకీ పడింది. చేరిన రోజు తండ్రికి ఫోన్ చేసి, "స్కాలర్‌షిప్పులన్నీ నా సెక్షన్ల నుంచే పోతయి నాయినా" అని చెప్పింది. ఆ సాయంత్రానికల్లా పీరయ్య తన బిడ్డ పట్నంలో ఆఫీసరైందని ఊరంతా చెప్పేశాడు. కాదని చెప్పడానికి వీణకు నోరు రాలేదు. తరువాత చెబుదాంలే అనుకుంది. ఆ తరువాత రాలేదు. ఊరికి పోతే చాలు, ఎవరో ఒకరు కాగితాలు పట్టుకొచ్చి "జర సంతకం పెట్టు బిడ్డా" అంటారు. "సీలు ఆఫీసుల ఉంది" అని తప్పించుకొని, వాటిని హైదరాబాదుకు తెచ్చి, సర్కారు కాలేజీ లెక్చరర్లను బతిమాలి అటెస్టేషన్ చేయించి పంపుతుంది. పీరయ్య ఆ సంతకాలు చూసి మురిసిపోతాడు. ఎవరి సంతకమో చదివేంత చదువు ఆయనకు లేదు.

ఇది తప్ప, వీణ దగ్గర అబద్ధం నడవదు. బర్కత్‌పురలో రెండంతస్తుల ఇల్లు కిరాయికి ఇచ్చుకున్న పెద్దమనిషి ఒకసారి కొడుకును వెంటబెట్టుకొని వచ్చాడు. "ఇన్కం జర తక్కువ చూపిస్తే మావాడిదీ అయిపోతది గదా మేడం" అన్నాడు.

"అయితది సార్. మీ కిరాయిదార్లను తోల్కరాండ్రి, వాళ్ల పిల్లలకు చేయిస్త" అంది వీణ. ఆ పెద్దమనిషి మళ్లీ ఆ కిటికీ వైపు రాలేదు.

ఆవిడ పనిలో ఇంకో పద్ధతి ఉంది. ఆదాయం సర్టిఫికెట్‌కు పెట్టుకునే ముందు ప్రతి పిల్లతోనూ, పిల్లవాడితోనూ ఇంటికి ఫోన్ చేయించి, తల్లితోనో తండ్రితోనో తనే మాట్లాడుతుంది. ఎంత సంపాదిస్తావని అడగదు. ఏ నెలల్లో పని ఉంటుంది, ఏ నెలల్లో ఉండదు అని అడుగుతుంది. ఎంక్వయిరీకి వచ్చే రెవెన్యూ అధికారి గిర్దావర్‌కు కూడా అలాగే చెప్పమంటుంది. ఎందుకంటే, ఎంత వస్తుందని అడిగితే మన వాళ్లు పని దొరికిన మంచి రోజు లెక్కే చెబుతారు. దొరకని రోజులు లెక్కలోకి రావు.

సంజన ఆ ఫోన్ వరసలో లేదు. బీకాం రెండో సంవత్సరం, జనగామ అవతలి ఊరు, క్లాసులో ముందు బెంచీ. సెలవులకు పోయినప్పుడే సర్టిఫికెట్ చేయించుకున్నానని ధీమాగా వచ్చి, కిటికీలోంచి లోపలికి అందించింది. వీణ దాన్ని చూసి కళ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్లీ చూసింది. ఏడాదికి రెండు లక్షల నలభై వేలు. ఊళ్లో ఉండే బీసీ పిల్లలకు హద్దు లక్షన్నర.

"మీ నాయిన ఏం పని చేస్తడు?"

"మేస్త్రీ అక్కా. గోడలు కడ్తడు."

"ఏడాది పొడుగూత కడ్తడా?"

సంజన తల వంచుకుంది. పోయిన ఏడు తల్లి ఎల్లవ్వ దగ్గరుండి రాయించిందట. ఈ ఏడు ఆమె నాట్లకు పోయిన రోజున గిర్దావర్ ఊరికి వచ్చాడు. గ్రామ పంచాయతీ ముందు నలుగురినీ కూర్చోబెట్టి ఎంక్వయిరీ చేశాడు. ఊళ్లో అందరికన్నా భూమి ఎక్కువున్న పటేల్ కూడా అక్కడే కుర్చీ వేయించుకొని కూర్చున్నాడు. "ఏం ఉప్పలయ్యా, నీకు నెలకెంతొస్తదిరా?" అని నవ్వుతూ మొదట అడిగింది ఆయనే. సంజన తండ్రి ఉప్పలయ్య ఛాతీ నిండా గాలి పీల్చుకొని, "నెలకు ఇరవై వేలకు తక్కువ రాదు" అన్నాడు. గిర్దావర్ ఆ ఇరవైని పన్నెండుతో హెచ్చవేసి రాసుకొని పోయాడు.

"మా నాయిన అబద్ధమాడే మనిషి గాదక్కా" అంది సంజన. "ఇప్పుడు ఫీజు మేమే కట్టాల్నంటే అప్పు తెస్తడు. నాకోసం అప్పు వద్దు. క్రాస్‌రోడ్స్ దగ్గర చీరల షాపుల సేల్స్‌కు అడిగిన. ఒకటో తారీఖు నుంచి రమ్మన్నరు."

"సేల్స్‌కు పోతవా? పో. ముందుగాల నన్ను నా పని చెయ్యనియ్యి" అని గద్దించింది వీణ. ముందు బెంచీ పిల్ల ఒక్కసారి కాలేజీ మానితే మళ్లీ వచ్చేది లేదని ఆవిడకు తెలుసు.

మళ్లీ కొత్తగా దరఖాస్తు పెట్టి, మళ్లీ ఎంక్వయిరీ చేయించుకుంటే సర్టిఫికెట్ మారుతుంది. దానికి ఉప్పలయ్య నోరు విప్పాలి. ఆన్‌లైన్ గడువు నెలాఖరుతో అయిపోతుంది. సూపరింటెండెంట్ రామచంద్రరావు గారు ఈ గొడవంతా విని తాపీగా కాఫీ తాగుతూ, "కంగారెందుకమ్మా వీణా? గడువు ఎలాగూ పొడిగిస్తారు కదా. ఏటా జరిగేదే" అన్నారు. ఆయనది తెనాలి వైపు నుంచి వచ్చి చిక్కడపల్లిలో స్థిరపడ్డ కుటుంబం. నిమ్మళం మనిషి. ఆయన ముప్పై ఏళ్ల సర్వీసులో కంగారు పడినట్టు ఎవరూ చూడలేదు.

"పొడిగిస్తరని ఎవరన్న రాసిచ్చిన్రా సార్?" అంది వీణ.

ఫోన్‌లో ఉప్పలయ్య ఒక పట్టాన దొరకలేదు. దొరికినా "రాసింది తప్పేం గాదు మేడం" అని పెట్టేశాడు. నాలుగు రోజులు వెంటపడితే ఐదో రోజు మనిషే వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చేతిలో సీతాఫలాల సంచి. కిటికీ దగ్గర అప్పటికే పది మంది పిల్లలున్నారు. వీణ పని ఒత్తిడిలో ఉంది. లేవకుండానే, అందరికీ వినపడేంత గొంతుతో అనేసింది.

"అన్నా, మీకు అంత ఆదాయం లేదని మీకు తెలుసు, నాకు తెలుసు. ఉన్నది చెప్తే పోయేదేముంది?"

వరసలోని పిల్లలంతా ఆయన వైపు తిరిగారు. సంజన గోడకు అంటుకుపోయింది. ఉప్పలయ్య మొహం బిగుసుకుపోయింది.

"మేం అడుక్కునేటోళ్లం కాదు మేడం" అన్నాడు. సంచి పట్టుకొని వెనుదిరిగి గేటు దాటిపోయాడు.

పంచాయతీ ముందు పటేల్ ఏం చేశాడో, కిటికీ ముందు తనూ అదే చేసిందని వీణకు అప్పుడు తెలిసింది. ఏళ్ల తరబడి ఏ ప్రశ్న ఎలా అడగాలో పిల్లలకు నేర్పే మనిషి, ఎక్కడ అడగాలో మరిచిపోయింది. కంప్యూటర్ అలాగే వదిలేసి, పిల్లల్ని తోసుకుంటూ బయటికి పరిగెత్తింది. రామచంద్రరావు గారు కాఫీ కప్పు పట్టుకొని వింతగా చూశారు.

ఉప్పలయ్య ఎంతో దూరం పోలేదు. సందు మొగదల అపార్ట్‌మెంటు కడుతుంటే ఆగి, కొత్తగా లేచిన గోడను ఒక కన్ను మూసి చూస్తున్నాడు. వీణ వచ్చి పక్కన నిలబడ్డా ఆయన తిరగలేదు.

"గీ గోడ తూకం తప్పింది" అన్నాడు. "పైకి పోయినకొద్ది బయటికి ఒరుగుతది. చూసెటోడు లేడా?"

"అన్నా, తప్పు నాది. నలుగురిల అడిగిన. గట్ల అడగొద్దు."

ఉప్పలయ్య అప్పుడు తిరిగి చూశాడు. మేడం అనిపించుకునే మనిషి తప్పు ఒప్పుకోవడం ఆయన ఎప్పుడూ చూసినట్టు లేదు. వీణ ఎదురుగా ఉన్న హోటల్లో రెండు చాయ్‌లు చెప్పింది.

"పటేల్ ఇంటి కంపౌండు గోడ నేనే కట్టిన" అన్నాడు ఉప్పలయ్య, సగం చాయ్ అయ్యాక. "రెండు నెల్లు కట్టిన. గా గోడను జూసి పక్క ఊరోళ్లు గూడ నన్ను పిలిచిన్రు. గంత పని చేసినోన్ని, గాయన నవ్వుకుంట, నీకెంతొస్తదిరా అన్నడు. ఏం జెప్పాలె చెల్లె? నాకేం రాదని చెప్పాల్నా?"

"వద్దు. నీకేం రాదని ఎవ్వరికి చెప్పకు. అది నిజం గూడ గాదు. ఎప్పుడు పని ఉంటదో, ఎప్పుడు ఉండదో అది చెప్పు. వానకాలం గోడలెవరు కడ్తరు? ఇసుక దొరకనప్పుడు ఎవరు కడ్తరు? ఒక్క రూపాయి తక్కువ చెప్పకు, ఒక్క రూపాయి ఎక్కువ చెప్పకు. సర్కారు అడిగేది నీ పని సంగతే, నీ ఇజ్జత్ సంగతి గాదు."

"మల్ల పంచాయతీ కాడనేనా?"

"కాదు. కొత్త దరఖాస్తు పెట్టి మండలాఫీసుకు పో. లోపల గదిల సారు ఒక్కడే ఉంటడు. ఆయనకే చెప్పు, రాసుకుంటడు."

ఉప్పలయ్య ఖాళీ గ్లాసును టేబుల్ మీద పెట్టాడు. "గదిల చెప్తే చెప్త. ఎన్నడన్న బయటపడతది గదా? గిన్ని రోజులు గొప్పలు చెప్పి ఇప్పుడు మాట మార్సిండంటరు. అది ఎట్ల తట్టుకోవాలె?"

వీణకు సైకిల్ షాపు ముందు నిలబడి, నా బిడ్డ ఆఫీసర్ అని చెప్పే ముసలాయన కళ్ల ముందు కనిపించాడు.

"నాకు గూడ తెల్వదన్నా" అంది నిజాయితీగా.

ఉప్పలయ్య సీతాఫలాల సంచి టేబుల్ మీద పెట్టబోతే వీణ వద్దంది. పని కాకముందు ఒక్క పండు కూడా ముట్టనంది. ఆయన మొదటిసారి చిన్నగా నవ్వి, సంచి భుజాన వేసుకొని బస్సుకు పోయాడు.

నెలాఖరు దగ్గరపడింది. సంజన ఊరికి పోయింది, కబురు లేదు. చీరల షాపు వాళ్లు ఒకటో తారీఖు అన్నారని వీణకు గుర్తుంది. మధ్యాహ్నం కిటికీ దగ్గర రద్దీ కాస్త తగ్గినప్పుడు ఫోన్ మోగింది.

"అక్కా, మండలాఫీసుల ఉన్నం" అంది సంజన గుసగుసగా. "గదిల ఫ్యాను నడుస్తలేదని సారు బయట హాల్ల కూసున్నడు. పాస్‌బుక్కు పనికి పటేల్ గూడ వచ్చిండు. ఎదురుంగనే ఉన్నడు అక్కా."

వీణ లేచి నిలబడింది. "ఇంటికి పోదాం పా అను మీ నాయినను. రేపు రాండ్రి."

"చెప్పిన. వినలే. పిలిచిన్రు, పోతున్నడు."

ఫోన్ పెట్టొద్దని చెప్పి వీణ చెవికి గట్టిగా అదుముకుంది. ముందు ఫ్యాన్ల చప్పుడు, కుర్చీల చప్పుడు. తరువాత ఎవరో ఆఫీసరు గొంతు. మొన్ననే రెండు లక్షల నలభై అని చెప్పావు గదా, మళ్లీ ఎందుకొచ్చావంటున్నాడు. ఆ వెనక ఇంకో గొంతు నవ్వింది. "మొన్న పెద్ద సేటు లెక్క చెప్పిండు సార్, మేమందరం విన్నం."

ఆ తరువాత ఉప్పలయ్య గొంతు. గోడను చూసి మాట్లాడినప్పటి గొంతే. తొణకలేదు.

"మొన్న చెప్పింది తప్పు సార్. నలుగురిల ఇజ్జత్ కోసం చెప్పిన. పని ఉన్ననాడు మంచిగనే వస్తది. వానకాలం ఉండదు. ఎండకాలం ఇసుక దొరికితే ఉంటది, లేకుంటే లేదు. పటేల్‌గారి గోడ కట్టినంక నేను రెండు నెల్లు ఖాళీగున్న. ఆయనే ఉన్నడు, అడుగుండ్రి. నా బిడ్డ పట్నంల బీకాం చదువుతున్నది. ఎవ్వరికాడ చెయ్యి చాపేది లేదు, ఉన్నది ఉన్నట్టు రాసుకోండ్రి."

కిటికీ అవతల ఒక పిల్లవాడు "అక్కా, నా ఆధార్" అంటుంటే వీణ చేత్తోనే ఆగమంది.

"నిజమే సార్" అంది నవ్విన గొంతు. ఈసారి నవ్వు లేదు. "వానల్ల ఈయనకు పనుండదు. మంచి మేస్త్రీ."

కొత్త సర్టిఫికెట్ గడువుకు ఒకరోజు ముందు చేతికి వచ్చింది. స్కాలర్‌షిప్ వెబ్‌సైటు రోజంతా మొరాయించి సాయంత్రానికి దారికొచ్చింది. మీసేవలో సంజన వేలిముద్ర పడింది, దరఖాస్తు పోయింది. మర్నాడు పేపర్లో గడువు మరో నెల పొడిగించినట్టు వార్త. రామచంద్రరావు గారు పేపరు పట్టుకొని స్వయంగా కిటికీ దాకా వచ్చి, "చూశావా! నేను చెప్పలేదూ?" అన్నారు. వీణ ఆయన వైపు చూసిన చూపుకు పేపరు మడిచి వెళ్లిపోయారు. ఆవిడ టేబుల్ కింద ఒక సంచి ఉంది. సెక్షన్ అంతా ఆ రోజు సీతాఫలాలు తిన్నారు.

సాయంత్రం వీణ అశోక్‌నగర్‌కు నడిచిపోతూ లైబ్రరీ గేటు దగ్గర ఆగింది. లోపల చెట్ల కింద పిల్లలు తలలు వంచుకొని చదువుకుంటున్నారు. ఆమె అరుగు మీద కూర్చొని తండ్రికి ఫోన్ చేసింది. అవతల సైకిల్ ట్యూబులో గాలి కొడుతున్న చప్పుడు.

"నాయినా, ఒకటి చెప్పాలె. నేను ఆఫీసర్ను గాను. సెక్షన్ల క్లర్కును. పర్మినెంటు గూడ గాదు. గిన్ని రోజులు నీకు చెప్పలే."

గాలి కొట్టే చప్పుడు ఆగిపోయింది.

"క్లర్కంటే..." అన్నాడు పీరయ్య. "సంతకం పెట్టవా?"

"పెట్ట నాయినా. సంతకం పెట్టేటోళ్ల దాక పిల్లల్ని తోల్కపోత."

"ఎవ్వల పిల్లల్ని?"

"మనసొంటోళ్ల పిల్లల్ని."

అవతల మళ్లీ గాలి కొట్టే చప్పుడు మొదలైంది.

"మన కిష్టమ్మ మనవరాలు డిగ్రీల చేరింది" అన్నాడు పీరయ్య. "స్కాలర్‌షిప్ ఎట్లనో తెల్వక తిరుగుతున్నరు. నీతోని సంతకం పెట్టిస్తనన్న. ఇగ సంతకం లేదంటివి. మరి ఏం చెయ్యాల్నో నాకు చెప్పు, నేనే చెప్త వాళ్లకు."

వీణ నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలియలేదు.

"చెప్త నాయినా. ముందుగాల ఆ పిల్ల నాయినను నీ షాపు కాడికి ఒక్కన్నే పిలువు. నలుగురిల అడగకు."